నల్లపావులతో కారో-కాన్: ముందు బిషప్, తర్వాతే ఇ6

చదరంగంలో తెల్లవాడు ఇ4 వేస్తే ఇ5 అని బదులిచ్చే పిల్లలే మన కర్నూలులో ఎక్కువ. తప్పేం లేదు. కానీ ఇ5 వేసినవాడు ఇటాలియన్ ఓపెనింగ్‌కు సిద్ధంగా ఉండాలి, రుయ్ లోపెజ్‌కు ఉండాలి, స్కాచ్‌కు, కింగ్స్ గాంబిట్‌కు కూడా ఉండాలి. ఏది ఆడాలో ఎంచుకునేది తెల్లవాడు, చదవాల్సింది మీరు. వారమంతా స్కూలు, సాయంత్రం ట్యూషన్, ఆదివారం టోర్నమెంటు అనే పిల్లలకు అంత తీరిక ఎక్కడిది? ఉద్యోగం చేసుకుంటూ ఆడే పెద్దవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలాంటివాళ్ళకు నేను చెప్పేది కారో-కాన్, అంటే ఇ4కు సి6 అని బదులిచ్చే డిఫెన్స్. గట్టిగా ఉంటుంది, ఎదుటివాడిని బట్టి రూపు మార్చుకుంటుంది, అన్నిటికంటే ముఖ్యం, ఇదే కట్టుబడిని డి4 మీద కూడా వాడుకోవచ్చు. పదిహేను నిమిషాల ర్యాపిడ్ ఆటలో మొదటి పది ఎత్తులకు గడియారం చూసుకోకుండా ఆడగలిగితే అదే సగం బలం.

రాత పద్ధతి ఒకసారి చూసుకుందాం. ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలు, 1 నుంచి 8 దాకా అడ్డ వరుసలు, తెల్లవాడి వైపు నుంచి లెక్క. పావు పేరు లేకుండా గడి మాత్రమే రాస్తే అది బంటు ఎత్తు. × అంటే చంపడం. అంకె తర్వాత ముందు వచ్చేది తెల్లవాడి ఎత్తు, దాని పక్కది నల్లవాడిది; అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవాడి ఎత్తు. మూలల్లో ఉండేది ఏనుగు. బోర్డు, పావులు ముందు పెట్టుకుని చదవండి. వట్టిగా చదివితే రెండో పేరాకే తల తిరుగుతుంది.

మొదటి మెట్టు: సి6 ఎందుకో తెలుసుకోండి

1. ఇ4 సి6 2. డి4 డి5. ఇంతే కారో-కాన్.

మీరు కొట్టాలనుకుంటున్నది ఇ4లోని బంటును. దానికి డి5 వేయాలి. మొదటి ఎత్తులోనే డి5 వేస్తే తెల్లవాడు చంపుతాడు, మీరు మంత్రితో తిరిగి చంపాలి, గుర్రం సి3కి వచ్చి మంత్రిని తరుముతుంది. ముందు సి6 వేసి ఉంచితే డి5లో బంటుకు బదులు బంటు నిలబడుతుంది. ఇ6 వేసి డి5 వేయడం ఇంకో దారి, దాన్ని ఫ్రెంచ్ అంటారు. అందులో సి8లో ఉన్న బిషప్ సొంత బంటు వెనకే ఇరుక్కుంటుంది. తలుపుకు గొళ్ళెం పెట్టి లోపల ఉన్నవాణ్ణి బయటికి రమ్మన్నట్టు ఉంటుంది దాని బతుకు. కారో-కాన్‌లో ఆ బిషప్‌కు దారి తెరిచే ఉంటుంది.

కాబట్టి ప్రతి వేరియేషన్‌లోనూ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: సి8 బిషప్ ఎక్కడికి పోవాలి? దానికి జవాబు దొరికాకే ఇ6. మా దగ్గర పిల్లలకు నేర్పేటప్పుడు ఎన్నిసార్లు అరవాల్సి వస్తుందో: "రేయ్, ఇ6 తర్వాతప్పా, ముందు బిషప్‌ను బయటికి తియ్!" ఈ సూత్రం చెల్లని చోట్లు కొన్ని ఉన్నాయి. అవే ఈ డిఫెన్స్‌లో అసలు చదువు.

పేరు సంగతి: హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు 1886లో దీని మీద విశ్లేషణ ప్రచురించారు. పాతదని తీసిపారేయకండి. 1958లో ప్రపంచ కిరీటం తిరిగి తెచ్చుకోవడానికి స్మిస్లోవ్‌తో కూర్చున్న బోత్విన్నిక్ మొదటి ఆటలోనే నల్లపావులతో దీన్ని ఆడి గెలిచాడు. పెట్రోసియాన్, కార్పోవ్ లాంటి జారిపోనివాళ్ళు ఏళ్ళ తరబడి నమ్ముకున్నదీ ఇదే.

రెండో మెట్టు: క్లాసికల్, చేతికి అలవాటయ్యేదాకా

3. గుర్రం సి3 డి×ఇ4 4. గుర్రం×ఇ4 బిషప్ ఎఫ్5.

మూడో ఎత్తులో గుర్రం డి2కు వచ్చినా మీరు ఇదే ఆడతారు. బిషప్ బయటికి వచ్చింది, పైగా గుర్రాన్ని బెదిరిస్తోంది. తెల్లవాడు మామూలుగా 5. గుర్రం జి3 ఆడి బిషప్‌ను తరుముతాడు, మీరు బిషప్ జి6. అప్పుడు వస్తుంది 6. హెచ్4.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఏడో ఎత్తులో హెచ్5 వేస్తే బిషప్ ఎక్కడికి పోతుంది? ఎఫ్5లో, ఇ4లో గుర్రం చంపుతుంది. డి3కి పోతే తెల్ల బిషప్ చంపుతుంది. సి2 బంటును చంపితే మంత్రి తిరిగి చంపుతుంది. ఇది చూడకుండా "గుర్రం బయటికి తీయాలి కదా" అని గుర్రం డి7 ఆడితే హెచ్5తో బిషప్ పోయినట్టే. అందుకే 6... హెచ్6. ఇప్పుడు హెచ్7 దానికి ఇల్లు.

7. గుర్రం ఎఫ్3 గుర్రం డి7. ఈ గుర్రం ముందు డి7కే రావాలి. తెల్ల గుర్రం ఇ5లో కూర్చోకుండా ఆపేది అదే. తర్వాత 8. హెచ్5 బిషప్ హెచ్7 9. బిషప్ డి3 బిషప్×డి3 10. మంత్రి×డి3 ఇ6. చూశారా, బిషప్ తన పని ముగించుకుని మార్పిడి అయిపోయాక ఇ6 వచ్చింది. ఇక గుర్రం ఎఫ్6, బిషప్ ఇ7, కాజిలింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం). పదకొండో ఎత్తులో తెల్లవాడు బిషప్‌ను ఎఫ్4లో పెడితే మంత్రితో ఎ5 నుంచి చెక్ ఇవ్వండి. సాధారణంగా అతను బిషప్‌ను డి2కు వెనక్కి తెచ్చి అడ్డం పెడతాడు, మీరు మంత్రిని సి7కు తెచ్చుకుంటారు.

తెల్లవాడు పొడవు వైపు (మంత్రి వైపు) కాజిల్ చేసి, మీరు పొట్టి వైపు (రాజు వైపు) చేస్తే, అతను జి4, జి5 అని మీ హెచ్6 బంటు మీదికి వస్తాడు. భయపడి రాజు ముందు బంట్లు కదపకండి. సి5 వేసి మధ్యలో దెబ్బ కొట్టండి. ఈ డిఫెన్స్‌లో నల్లవాడి ఊపిరి సి5లోనే ఉంది. ఎప్పుడు వేయాలో తెలియకపోతే, రాజును భద్రం చేసుకున్న వెంటనే వేసే వీలుందేమో చూడండి. చాలాసార్లు అదే సరైన సమయం.

ఐదో ఎత్తులో కొందరు గుర్రాన్ని సి5కు దూకిస్తారు, బి7 బంటు మీద ఆశతో. బి6 వేస్తే చాలు, వెనక్కి పోతుంది.

నాలుగో ఎత్తులో బిషప్‌కు బదులు గుర్రం డి7 ఆడే పద్ధతి కూడా ఉంది, కార్పోవ్ చాలా ఆడాడు. మంచిదే, కానీ మొదట నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పను. కారణాలు రెండు. ఒకటి: 5. మంత్రి ఇ2 వేస్తే, ఆలోచించకుండా గుర్రం ఎఫ్6 ఆడినవాడికి 6. గుర్రం డి6 ఆటకట్టు. ఇ7 బంటు ఆ గుర్రాన్ని చంపలేదు, మంత్రి ఎదురుగా రాజు ఉన్నాడు కాబట్టి కదలలేదు. మొత్తం ఆరు ఎత్తుల ఆట. రెండోది, 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌కు జరిగింది. డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆరో ఆటలో ఇదే పద్ధతిలో 5. గుర్రం జి5 గుర్రం ఎఫ్6 6. బిషప్ డి3 ఇ6 7. గుర్రం ఎఫ్3 వచ్చాక ఆయన హెచ్6 ఆడాడు. కంప్యూటర్ గుర్రాన్ని ఇ6లో బలి ఇచ్చింది. పంతొమ్మిది ఎత్తులకు ఆట వదిలేశాడు, దానితో మ్యాచ్ కూడా పోయింది. అక్కడ ముందు బిషప్ డి6 ఆడి ఉండాల్సింది. కాస్పరోవ్ అంతటివాడికి ఎత్తుల వరుస తప్పితే అలా అయింది, మనమెంత.

మూడో మెట్టు: అడ్వాన్స్, బిషప్‌ను వేటాడేవాళ్ళతో జాగ్రత్త

3. ఇ5 బిషప్ ఎఫ్5.

ఈ మధ్య ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. తెల్లవాడు స్థలం తీసుకున్నాడు, మీరు బిషప్‌ను తీశారు. నెమ్మదిగా ఆడేవాడైతే 4. గుర్రం ఎఫ్3 ఇ6 5. బిషప్ ఇ2 గుర్రం డి7, తర్వాత రెండో గుర్రం ఇ7కు, హెచ్6 వేసి బిషప్‌కు హెచ్7లో చోటు, ఆపైన సి5. తెల్లవాడి బంట్ల గొలుసుకు వేరు డి4లో ఉంది, సి5 దాని మీదే దెబ్బ. ఇ5 దగ్గర తలకాయను కొట్టాలని ఎఫ్6కు తొందరపడకండి, ఇ6 బంటు బలహీనమవుతుంది.

దూకుడుగా ఆడేవాడు 4. హెచ్4 వేస్తాడు. "ఏముందిలే" అని ఇ6 వేశారనుకోండి. 5. జి4 బిషప్ ఇ4 6. ఎఫ్3 బిషప్ జి6 7. హెచ్5, బిషప్ దొరికిపోయింది. మన సూత్రం ప్రకారం బిషప్ బయటికి వచ్చింది, తర్వాతే ఇ6 వేశారు. అయినా పోయింది. ఎందుకంటే బయటికి రావడం ఒకటే చాలదు, వెనక్కి పోవడానికి దారి కూడా ఉండాలి. ఇ6 వేస్తే సి8 వైపు దారి మూసుకుంటుంది. కాబట్టి 4. హెచ్4కు జవాబు 4... హెచ్5. ఇక జి4 అంత సులువుగా రాదు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే అడ్వాన్స్‌లో సగం భయం పోతుంది.

4. గుర్రం సి3 ఇ6 5. జి4 బిషప్ జి6 6. గుర్రం ఇ2 అనే దారి కూడా కొందరు చదువుకుని వస్తారు. వెంటనే సి5 వేయండి. అతను పక్క బంట్లు తోసుకుంటూ పోతుంటే మీరు మధ్యను పగలగొట్టాలి.

నాలుగో మెట్టు: ఎక్స్ఛేంజ్, పానోవ్

3. ఇ×డి5 సి×డి5 4. బిషప్ డి3. ఎఫ్5కు మీ బిషప్ రాకుండా ముందే కాపు కాశాడు. ఫర్వాలేదు, జి4 ఉంది. 4... గుర్రం సి6 5. సి3 గుర్రం ఎఫ్6 6. బిషప్ ఎఫ్4 బిషప్ జి4. అతను మంత్రిని బి3కి తెచ్చి బి7ను బెదిరిస్తే మంత్రిని డి7లో పెట్టండి. తర్వాత ఇ6, కాజిలింగ్, ఆపైన ఎ, బి బంట్లను ముందుకు నడపండి. బి5, బి4 వేసి అతని సి3 బంటును కదిలించడమే మీ పథకం. ఫిషర్ 1970లో బెల్‌గ్రేడ్‌లో పెట్రోసియాన్‌ను ఇదే లైనులో ఓడించాడు, కాబట్టి చప్పటి ఆట అని తేలిగ్గా తీసుకోకండి.

నాలుగో ఎత్తులో సి4 వేస్తే అది పానోవ్. సూత్రం చెల్లని మొదటి చోటు ఇదే. 4... గుర్రం ఎఫ్6 5. గుర్రం సి3 ఇ6. అవును, బిషప్‌ను లోపలే ఉంచి ఇ6. ఇక్కడ డి5 బంటును నిలబెట్టుకోవడం బిషప్ కంటే ముఖ్యం. 6. గుర్రం ఎఫ్3 బిషప్ ఇ7 7. సి×డి5 గుర్రం×డి5. తెల్లవాడికి డి4లో ఒంటరి బంటు మిగిలింది. డి5 గడిని గుర్రంతో మూసి పెట్టండి, బి6 వేసి బిషప్‌ను బి7కు తెచ్చుకోండి, అవకాశం వచ్చినప్పుడల్లా పావులు మార్చుకోండి. పావులు తగ్గేకొద్దీ ఆ బంటు అతనికి బరువవుతుంది. పావులన్నీ ఉన్నంతసేపూ మాత్రం మీ హెచ్7 మీద ఒక కన్ను ఉండాలి, అతని బిషప్, మంత్రి అటే చూస్తుంటాయి.

ఐదో మెట్టు: రెండు గుర్రాల ఉచ్చు

కర్నూలులోనే కాదు, ఆదోని, ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లల్లో కూడా కారో-కాన్ కొత్తగా నేర్చినవాళ్ళు ఎక్కువగా పడేది ఇందులోనే. క్లాసికల్‌ను బట్టీ పట్టి ఉంటారు, అదే ఆడేస్తారు.

2. గుర్రం సి3 డి5 3. గుర్రం ఎఫ్3. ఇప్పుడు చేతి అలవాటుగా డి×ఇ4 4. గుర్రం×ఇ4 బిషప్ ఎఫ్5 5. గుర్రం జి3 బిషప్ జి6 6. హెచ్4 హెచ్6 అని ఆడారా? 7. గుర్రం ఇ5! క్లాసికల్‌లో తెల్లవాడు ఒక ఎత్తు డి4కు పెట్టాడు. ఇక్కడ ఆ ఎత్తు మిగుల్చుకుని గుర్రాన్ని ముందే తెచ్చాడు, మీ గుర్రం ఇంకా డి7కు రాలేదు. 7... బిషప్ హెచ్7 8. మంత్రి హెచ్5, ఎఫ్7లో ఆటకట్టు బెదిరింపు. 8... జి6 వేస్తే మంత్రి చిక్కిందని సంతోషపడతారు. 9. బిషప్ సి4! మంత్రిని చంపితే బిషప్ ఎఫ్7లో ఆటకట్టు. 9... ఇ6 10. మంత్రి ఇ2, ఇప్పుడు మామూలుగా గుర్రం ఎఫ్6 ఆడితే 11. గుర్రం×ఎఫ్7! రాజు×ఎఫ్7 12. మంత్రి×ఇ6 చెక్, రాజు జి7, మంత్రి ఎఫ్7 ఆటకట్టు. బోర్డు మీద రెండుసార్లు ఆడి చూడండి, ఒకసారి తెల్లవైపు కూర్చుని కూడా.

తప్పించుకునే దారి తేలిక. రెండు గుర్రాలూ వచ్చాయని చూడగానే బిషప్‌ను ఎఫ్5కు కాదు, జి4కు పంపండి: 3... బిషప్ జి4 4. హెచ్3 బిషప్×ఎఫ్3 5. మంత్రి×ఎఫ్3 ఇ6. బిషప్‌ను హెచ్5కు వెనక్కి తీసుకోకండి, జి4, గుర్రం ఇ5 దెబ్బలు తగులుతాయి. రెండు బిషప్‌లూ తెల్లవాడికి ఉన్నాయని దిగులు వద్దు, బంట్లు గట్టిగా ఉన్నాయి, ఆట మెల్లగా ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. 2. బిషప్ సి4 వేసి ఎఫ్7 మీద ఆశపడేవాడికి డి5 అనగానే బిషప్ పరుగెత్తాలి, నాలుగెత్తుల ఆటకట్టు ఆశ అక్కడితో సరి. 2. డి3 వేస్తే డి5, తర్వాత ఇ5 వేసి మధ్య మీరే తీసుకోండి, బిషప్ డి6. 2. డి4 డి5 తర్వాత 3. ఎఫ్3 వేస్తే ఇ6 వేసి గట్టిగా కూర్చోండి. సూత్రం చెల్లని రెండో చోటు అది, కానీ ఎఫ్3 వల్ల అతని గుర్రానికే మంచి గడి పోయింది కాబట్టి సరిపోతుంది.

ఆరో మెట్టు: డి4 వేసేవాళ్ళకు ఇదే కట్టుబడి

1. డి4 డి5 2. సి4 సి6. దీని పేరు స్లావ్. బంట్లు అవే, ప్రశ్న అదే. కానీ ఇక్కడ బిషప్‌ది తొందరపాటు అవుతుంది. 3. గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 4. గుర్రం సి3 తర్వాత బిషప్ ఎఫ్5 వేశారనుకోండి. 5. సి×డి5 సి×డి5 6. మంత్రి బి3. బిషప్ వెళ్ళిపోయింది కాబట్టి బి7కు కాపలా లేదు. మంత్రిని బి6కు తెస్తే డి5 బంటు పోతుంది. తల వంచుకుని బిషప్‌ను మళ్ళీ సి8కి తీసుకుపోవాల్సిన పరిస్థితి.

అందుకే ముందు 4... డి×సి4. తెల్లవాడు 5. ఎ4 వేసి మీ బి5ను ఆపుతాడు, అప్పుడు 5... బిషప్ ఎఫ్5. ఇక 6. ఇ3 ఇ6 7. బిషప్×సి4 బిషప్ బి4, కాజిలింగ్. ఎ4 వేసినందువల్ల బి4 గడి మీకు దొరికింది, ఆ బిషప్‌ను ఇక ఏ బంటూ తరమలేదు.

తెల్లవాడు నాలుగో ఎత్తులో గుర్రానికి బదులు ఇ3 వేస్తే మాత్రం బిషప్ ఎఫ్5 నేరుగా వేయొచ్చు. లండన్ సిస్టమ్ (డి4 వేసి బిషప్‌ను ఎఫ్4లో పెట్టే పద్ధతి) ఆడేవాళ్ళ మీద కూడా అంతే: డి5, గుర్రం ఎఫ్6, బిషప్ ఎఫ్5, ఇ6. అతని మంత్రి బి3కి వస్తే మీ మంత్రిని బి6కు ఎదురు పెట్టండి.

ఏడో మెట్టు: నేర్చుకునే వరుస

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు క్లాసికల్, అడ్వాన్స్‌లో హెచ్4 జవాబు, రెండు గుర్రాల ఉచ్చు. ఈ మూడింటితో స్కూలు స్థాయి టోర్నమెంటుకు వెళ్ళొచ్చు. ఎక్స్ఛేంజ్, పానోవ్ తర్వాత. స్లావ్‌ను కారో-కాన్ చేతికి వచ్చాకే ముట్టుకోండి.

లిచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైట్‌లో ఖాతాకు డబ్బు కట్టాల్సిన పని లేదు. అందులో ర్యాపిడ్ ఆటలు ఆడండి, బుల్లెట్ (నిమిషంలో ముగిసే ఆటలు) ఆడకండి. బుల్లెట్‌లో చెయ్యి నేర్చుకుంటుంది గానీ బుర్ర నేర్చుకోదు. ఆట అయ్యాక ముందు ఇంజన్ (ఎత్తులు విశ్లేషించే కంప్యూటర్ ప్రోగ్రాం) నొక్కకుండా మీరే చూసుకోండి: నా సి8 బిషప్ ఎక్కడికి పోయింది, సి5 వేశానా, వేయకపోతే ఎందుకు వేయలేదు. ఆ తర్వాతే ఇంజన్.

టోర్నమెంటులో స్కోరు షీటు (ఎత్తులు రాసే కాగితం) పూర్తిగా రాయండి, మధ్యలో వదిలేయకండి. ఓడిన ఆటల షీట్లను విడిగా ఒక కవరులో పెట్టుకోండి. ఈ డిఫెన్స్‌లో ఆటలు తరచూ ఏనుగులు, బంట్లు మిగిలే ముగింపు దాకా సాగుతాయి, కాబట్టి ఓపెనింగ్‌కు ఒక గంట కేటాయిస్తే ఏనుగుల ముగింపులకు ఇంకో గంట పెట్టండి. తల్లిదండ్రులకు ఒక మాట: రౌండు మధ్యలో పిల్లోడికి ఉగ్గాని-బజ్జీ కడుపునిండా పెట్టకండి, తర్వాతి ఆటలో నిద్ర వస్తుంది. అది బయట కొనిపెట్టేది ఆఖరి రౌండు అయ్యాక.